సీసం దీపం

కన్నతల్లి చేసి పంపిన చేపల పులుసుని యాసిడ్‌లో పోసి ఉడకబెడుతున్న కూతురు ఈ సువాలోనే కాదు, ఫిజీ మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. పొగలు లాగేసే గాజు గూట్లో, హాట్‌ప్లేట్ మీద, బీకర్లు వరసగా కూర్చున్నాయి, ఒకదాంట్లో ఉత్త యాసిడ్, ఒకదాంట్లో చేప కండ, ఒకదాంట్లో చేప కార్జం, చివరిదాంట్లో అమ్మ పులుసు. ఎర్రగా నూనె తేలుతూ ఎక్కింది కాస్తా గోధుమరంగు పొగ వదిలి వదిలి ఇప్పుడు నీళ్ళలా తేటబడుతోంది, చింతపండు పోయింది, మిరపకాయ పోయింది, అమ్మ చేతి రుచి మొత్తం ఆ పొగతోపాటే గొట్టంలోంచి పైకెళ్ళి సువా వానలో కలిసిపోయింది, ఇక మిగిలేది మండనిది, ఆవిరి కానిది, ఏ నిప్పుకీ లొంగనిది. ఇన్నేళ్ళుగా ఇదే పని, అయినా బీకరు తేటపడే క్షణం దగ్గర ఇప్పటికీ నోరు తెరుచుకుని నిలబడిపోతాను. అన్నీ పోయాక కూడా ఉండిపోయేది ఒకటుంటుందని పూజారి చెబితే నాకు ఆవలింతలొస్తాయి గానీ బీకరు చెబితే ఒళ్ళు జలదరిస్తుంది. చల్లారాలి. చల్లారేదాకా ముట్టుకోకూడదు. తర్వాత నీళ్ళు కలిపి, వడగట్టి, యంత్రానికి తాగించాలి. గంట పట్టొచ్చు. ఈ గంట గడిస్తే షీలా కడుపులో బిడ్డ మీదికి సీసం ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుస్తుంది.

షీలా మా తమ్ముడు ముకేష్ పెళ్ళాం. ఇంకో దీవిలో, లంబాసా దగ్గర వునిమోలిలో, చెరుకు తోటల మధ్య మా ఇంట్లో, మా అమ్మ భగవతితో ఉంటుంది. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోది, ఐదో నెల. ఈసారి డాక్టరమ్మ ఊరుకోకుండా ఇంటిల్లిపాదికీ రక్తం తీసి ఆస్ట్రేలియా పంపింది, అమ్మకీ ముకేష్‌కీ ఏమీ లేదు, షీలా రక్తంలో మాత్రం సీసం, కడుపుతో ఉన్న మనిషిలో అసలు ఉండకూడనంత. ఏం తింటావమ్మా అని అడిగితే అందరూ ఒకటే మాట, చేప. నిజమే మరి, ముకేష్‌కి ముల్లంటే భయం, వాడు కోడి మనిషి. అమ్మేమో షీలాకి రెండోసారి పోయినప్పుడు మారమ్మ గుడికెళ్ళి, ఈ ఇంట్లో బిడ్డ ఏడుపు వినేదాకా చేప ముట్టనని మొక్కుకుంది. ఇంట్లో చేప తినేది షీలా ఒక్కతే, తినేది కూడా రోజూ. పైగా పడవలు ఆగే చోటుకి అవతల మడచెట్ల బురదలో ఎవరో పాత కారు బ్యాటరీలు పారబోశారట, అది ఊరందరికీ తెలుసు, తెలిశాక ఇంకేముంది, చేపే దొంగ అని తేల్చేశారు. మార్కెట్లో వసితి దగ్గర చేప కొనేవాళ్ళు లేరు. వసితి అంటే కోస్తా ఊరి కైవీతీ మనిషి, మాకన్నా ముందునుంచీ ఈ దీవులవాళ్ళు, నా చిన్నప్పుడు వాళ్ళమ్మ వచ్చేది చేపల బుట్టతో, ఇప్పుడీవిడ. ముకేష్ వెళ్ళి పరీక్షకి చేప కావాలి అంటే సగంమంది జాలర్లు మొహం తిప్పుకున్నారట, ఆవిడ మాత్రం పడవలోంచి అన్నిటికన్నా పెద్ద కనాదె చేపని తీసి వాడి చేతిలో పెట్టి, "హమార్ మచ్ఛరీ లే జావ్. దీదీ కే బోలో అచ్ఛా సే దేఖో," అందట. నా చేప తీసుకుపో, బాగా చూడమని అక్కకి చెప్పు. భయంలేని మనిషి అనుకున్నాను విన్నప్పుడు. ఇప్పుడనిపిస్తోంది, భయం ఉండే ఇచ్చింది, ఊరంతా బతికేది ఆ నీళ్ళ మీదే కదా.

పొద్దున విమానంలో ఐసుపెట్టె వచ్చింది. కడగొద్దు, కొయ్యొద్దు, పొలుసు తియ్యొద్దు అని ముకేష్‌కి ఫోనులో ముమ్మారు చెప్పాను, ఎందుకంటే మా అమ్మ కడగని చేపని గడప దాటనివ్వదు, ఉప్పూ పసుపూ పట్టించి నాలుగు నీళ్ళు మార్చి గానీ పక్కింటికి కూడా పంపదు, ఇక పెద్ద ఆఫీసుకి పంపే చేపని అలా నీచువాసనతో పంపడమా అని నెత్తీ నోరూ కొట్టుకుందట. ఎలాగో ఆపాడు. వసితి పడవలోదే ఇంకో చేపతో, షీలా తినేది తిన్నట్టుగా కొంచెం వండి పంపమ్మా అని కూడా అడిగాను. అమ్మకి పరీక్ష అంటే నేను తిని చూడడమే. ఐస్‌క్రీము డబ్బాలో పులుసు, పక్కనే అరటాకులో చుట్టిన రోటీలు, పరీక్ష చేసేవాళ్ళకి ఆకలెయ్యదా మరి. ఆ డబ్బా మూత తీసినప్పుడు వచ్చిన వాసనకి ల్యాబంతా వునిమోలి అయిపోయింది, పక్క బల్ల దగ్గర పనిచేసే కేశవ తల తిప్పి, "దీదీ, ఇది భీ యాసిడ్‌లోకా? పాపం కాదూ," అన్నాడు. పాపమే. చెంచాడు నాలుక మీద వేసుకోవాలనిపించింది, వేసుకోలేదు, తిట్టుకుంటూ తూకం వేశాను.

కానీ ఆ చేప. స్టీలు బల్ల మీద పెట్టి ఐసు దులిపితే వెండి కడ్డీలా ఉంది, కన్ను ఇంకా మసకబారలేదు. కత్తి పెట్టేముందు ఎందుకో చెయ్యి ఆగింది. ఎన్ని వందల చేపలు కోశాను, పెద్ద సముద్రపు చేపల్లో పాదరసం, ఓడరేవు గుల్లల్లో కాడ్మియం, ఎప్పుడూ నంబరు కట్టి కొయ్యడమే. ఇవాళ దాని మొప్పలు ఎత్తి చూశాను, ఎర్రగా, దువ్వెన పళ్ళలా, సన్నగా, ఇంత చిన్న గుమ్మంలోంచి పుట్టినప్పట్నుంచీ సముద్రం వస్తూ పోతూ ఉంది, వాన తెచ్చినదీ, చెరుకు పొలాలు కడిగిందీ, ఊళ్ళు పారేసిందీ అన్నీ మోసుకుంటూ. చేప అడగదు, నీళ్ళలో ఏమున్నాయని, తాగుతుంది. కడుపులో బిడ్డ కూడా అంతే కదా. తల్లి ఏ నీళ్ళైతే ఆ నీళ్ళలోనే ఈత. షీలా ఫోనులో అన్న మాట చెవిలోనే ఉంది, దీదీ, రాత్రి కదిలాడు, కనాదె పిల్ల నీళ్ళలో తిరిగినట్టు టపటపా కదిలాడు అని, చెప్పి నవ్వింది, నవ్వి వెంటనే ఆపేసింది, ఎక్కువ నవ్వితే ఎవరైనా వింటారేమోనన్నట్టు.

మా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లకి వేవిళ్ళు తగ్గిన రోజునుంచీ కాన్పయ్యేదాకా చేపల పులుసు పెట్టాల్సిందే, అది మా అవ్వ పాపమ్మ పెట్టిన చట్టం. అవ్వ తన తల్లి చంకలో ఓడెక్కి వచ్చింది, చెరుకు తోటల కూలికి ఒప్పందం రాసిచ్చిన గిర్మిట్ జనంతో. చంకలో అవ్వ, నెత్తిన ఇత్తడి తపేలా, ఇంకేం లేదు. ఆ ఓడ గురించి అవ్వ చెప్పేది ఒక్కటే, మా అమ్మ తపేలాలో నన్ను కూచోబెట్టి ఊపేదంట అని. తనకెలా గుర్తు, అంత పిల్ల, అంటే కోపం వచ్చేది. ఆ సముద్రం ఎంత పెద్దదో ఇప్పుడు విమానంలోంచి చూస్తే తెలుస్తుంది, గంటలకి గంటలు నీలం, అంత నీలం మీద చిన్న ఇత్తడి పాత్రలో ఒక పిల్ల, ఆ పిల్ల వచ్చి చెరుకు నరికి, కని, పెంచి, మమ్మల్ని తిట్టి, తెలుగులో తిట్టడం మాకు నేర్పి, సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన ఏడాది పోయింది. ఏడుగురిని కంది. ఏడుగురూ బతికారు. ముకేష్ కడుపులో ఉన్నప్పుడు మా అమ్మకీ అవ్వే వండిపెట్టింది, ఆ తపేలాలోనే, ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి జెండా ఎగిరిన వారంలో పుట్టాడు వాడు, ఏనుగు పిల్లలా. ఆ పులుసు వేరేవాళ్ళెవరూ తినకూడదు. చిన్నప్పుడు నేను వేలు ముంచితే అవ్వ చెయ్యి మీద ఒక్కటి వేసింది, అది బిడ్డది, దొంగముండా, అని. నాకు పెళ్ళి కాలేదు, కడుపు రాలేదు, ఆ పులుసు రుచి నాకు అవ్వ కొట్టిన దెబ్బంత మాత్రమే తెలుసు.

తేటబడ్డాయి. చల్లబడ్డాయి. నీళ్ళు కలిపాను, వడగట్టాను, గుర్తులు రాశాను. కిటికీకి అవతల వాన ఓడరేవుని మింగేసింది, ఓడలు లేవు, కొండలు లేవు, తెల్లటి చప్పుడు మాత్రం ఉంది. యంత్రం మీద చెయ్యి వేశాను. లోపల దీపం వెలిగి చాలాసేపైంది. ఈ దీపాన్ని సీసంతోనే చేస్తారు, అందులోంచి వచ్చే వెలుగు మన కంటికి ఆనదు, దాన్ని మంటలోంచి పంపిస్తారు, మంటలోకి మనం నీళ్ళు చిమ్ముతాం, ఆ నీళ్ళలో ఇనుమున్నా, రాగి ఉన్నా, ఉప్పు సముద్రమంత ఉన్నా ఆ వెలుగు పట్టించుకోకుండా దాటిపోతుంది. సీసం ఉంటే మాత్రం ఆగుతుంది. సీసపు వెలుగుని సీసమే తాగుతుంది, ఇంకెవరూ తాగలేరు. ఇది మొదటిసారి యూనివర్సిటీలో విన్నప్పుడు క్లాసులో అందరూ రాసుకుంటున్నారు, నేను కలం పట్టుకుని అలాగే కూర్చున్నాను, ఏడుపొచ్చింది నిజంగా, ఎంతమంది గుంపులో ఉన్నా తన వాళ్ళని మాత్రమే గుర్తుపట్టే వెలుగు ఒకటి ఈ లోకం మొదలైనప్పట్నుంచీ ఉందా అని. వయసొస్తే పోతుందనుకున్నాను ఈ పిచ్చి. పోలేదు. ఇవాళ భయంతో కలిసి ఇంకా పెద్దదైంది, గుళ్ళో నిప్పుల గుండం ముందు నిలబడ్డట్టుంది నాకు, ఈ నీలం మంట ముందు.

ఉత్త యాసిడ్ పోశాను. అంకె కదల్లేదు. మంచిది. చేప కండ. మంట చిన్నగా రంగు మారింది, అది ఉప్పు, అంకె చూశాను. కదల్లేదు. నీళ్ళు పీల్చే సన్న గొట్టాన్ని తట్టాను, మళ్ళీ పోశాను, కదల్లేదు. కార్జం, అక్కడైతే దాక్కుంటుంది ఏదున్నా, కార్జం అంటే చేప ఇంటి పెరడు, చెత్తంతా అక్కడికే, అంకె ఉందా లేదా అన్నట్టు వణికి ఊరుకుంది, ఆ మాత్రం ఏ చేపలోనైనా ఉంటుంది. నాకు నవ్వొచ్చింది. కళ్ళు తడిసిపోయి నవ్వొచ్చింది. అన్ని బ్యాటరీలు, అంత బురద, అంతమంది నోళ్ళు, అయినా ఆ పిచ్చి సముద్రం ఈ చేప దాకా దేన్నీ రానివ్వలేదు, బురద తన కడుపులోనే పట్టి ఉంచిందో, అలలు ఎత్తుకెళ్ళాయో, నాకు తెలీదు, రేపెలా ఉంటుందో అసలే తెలీదు, ఇవాళ మాత్రం ఈ చేప శుభ్రంగా ఉంది. వసితి చేప. కేశవని పిలిచి చూపించాలనుకున్నాను. పులుసు ఇంకా ఉందని గుర్తొచ్చింది. పొయ్యకపోయినా ఫర్వాలేదనిపించింది ఒక్క క్షణం, చేపే శుభ్రంగా ఉంటే చేపల పులుసులో ఏముంటుంది. అయినా పోశాను. తూకం వేసింది వదిలెయ్యడం నా వల్ల కాదు.

అంకె పరిగెత్తింది. ఆగలేదు. యంత్రం చూడగలిగినంత పైకి వెళ్ళి అక్కడ నిలబడింది. మంచినీళ్ళు పోసి కడిగాను, సున్నాకి దిగింది. మళ్ళీ పులుసు పోశాను, మళ్ళీ అదే పరుగు. పలచన చేశాను, ఇంకా పలచన చేశాను, అయినా ఉంది, దీపం వెలుగు మొత్తం తాగేస్తోంది అమ్మ పులుసు. చేపలో లేదు. పసుపా? కారమా? చింతపండా? అవన్నీ ఇంట్లో అందరూ తింటారు, పప్పులో, కోడికూరలో, ముకేష్ రక్తం తేటగా ఉంది, అమ్మది తేటగా ఉంది. నీళ్ళా? ఒకటే ట్యాంకు. షీలా ఒక్కతే తినేది ఏమిటి, ఇంకెవరూ తినకూడనిది. అది బిడ్డది, దొంగముండా. తపేలా.

కానీ అవ్వ కాలంనుంచీ అదే తపేలా కదా, ఏడుగురు బతికారు, మేం బతికాం, ఇన్ని కడుపులు పండిన తపేలా, ఉన్నట్టుండి దానికేమొచ్చింది అని నాతో నేనే గట్టిగా పోట్లాడుతుంటే ముకేష్ గొంతు వినబడింది, పెళ్ళికి ముందు ఫోనులో, ఎంత గర్వంగా చెప్పాడో. దీదీ, అవ్వ తపేలా అడుగు చీలింది, కొత్త పిల్ల వస్తుంది కదా, దానికి రేపు కావాలి కదా, కళాయి వేసేవాడు లంబాసాలో ఎక్కడా లేడు, బలరాం భాయ్ తీసుకెళ్ళి రేడియేటర్‌కి వేసినట్టు లోపలంతా పూసి టంకం వేసిచ్చాడు, అద్దంలా మెరుస్తోంది, ఇంక చుక్క కారదు. బలరాం మా వీధి చివర లారీల రేడియేటర్లు బాగుచేస్తాడు, మా నాన్న పోతే పాడె మోసిన మనిషి, ఇంటి కోడలికి వండే పాత్ర అని రోజంతా కూర్చుని చేశాడట. రేడియేటర్ టంకం అంటే సీసం. పులుపు తగిలితే కరిగే సీసం. చింతపండు పోసి, సన్నసెగ మీద గంటలకొద్దీ, ప్రతిరోజూ. పెళ్ళైన ఏడాది మొదటి కడుపు పోయింది.

కూర్చున్నాను, బల్ల అంచు పట్టుకుని. మనిషి ఒళ్ళు సీసాన్ని చూసి సున్నం అనుకుంటుంది, ఎముకల్లో దాచుకుంటుంది, నగలు దాచుకున్నట్టు. కడుపులో బిడ్డకి ఎముకలు కట్టే రోజు వస్తే తల్లి ఎవరికీ చెప్పకుండా తన ఎముకల్ని తానే కరిగించి పంపిస్తుంది, తనకీ తెలియకుండా పంపిస్తుంది, దాచుకున్నదంతా, మంచో చెడో చూడకుండా. ఇంత ప్రేమ ఎవరు పెట్టారు ఈ ఒంట్లో? ఎవరూ విషం పెట్టలేదే ఆ ఇంట్లో. బలరాం ప్రేమ, ముకేష్ గర్వం, అమ్మ మొక్కు, షీలా ఆకలి, అన్నీ ఆ తపేలాలోనే ఉడికాయి. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మంట ఇంకా నీలంగా మండుతూనే ఉంది, కేశవ వచ్చి తనే ఆపాడు. లేచి ఫోను దగ్గరికి నడిచాను. సముద్రం చెడితే ఎవరు కడుగుతారు దాన్ని, ఎన్ని తరాలు కడుగుతారు. ఇదైతే చేత్తో దించొచ్చు. ఆ ఒక్క ఆలోచన పట్టుకుని నంబరు తిప్పాను.

అమ్మే ఎత్తింది. "కామినీ? పులుసు తిన్నవా? నమక్ ఠీక్ హై?"

"అమ్మా, చేప మంచిదే. చేపలో ఏం లేదు."

"సచ్చీ?" తర్వాత ఏడుపు, మారమ్మ పేరు, నా పేరు, మళ్ళీ మారమ్మ పేరు. "నేను చెప్పలే? మచ్ఛరీ ఖరాబ్ కాదు అని చెప్పలే? ఊరికే బంద్ చేసినం పిల్లకి. ఖాలీ చింతపండు చారు పెడుతున్న, అవ్వ తపేలాలో. ఇప్పుడు భీ చూలా మీద ఉంది."

"దించమ్మా."

"ఇంకా ఉడకలే."

"దించెయ్. పారబోసెయ్. దాంట్లో ఇంకెప్పుడూ ఏమీ వండొద్దు. తపేలా తప్పు కాదు, అవ్వ తప్పు కాదు. లోపల అతుకు వేశారే, రేడియేటర్‌ది, ఆ టంకంలోనే ఉంది సీసం. పులుపుకి కరుగుతోంది."

రెండు దీవుల మధ్య వానంతా ఆ వైర్లోనే కురుస్తున్నట్టు చప్పుడు. అమ్మ అంది, చిన్నపిల్ల అడిగినట్టు, "ముందటి రెండు భీ?"

"తెలీదమ్మా. అది ఎవ్వరూ చెప్పలేరు." అబద్ధం చెప్పలేకపోయాను, ఓదార్చలేకపోయాను. "ఇది ఉంది. కదులుతోంది. పాలు ఇయ్యి, రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపో, నేను ఆవిడతో మాట్లాడతాను."

అమ్మ ఫోను పెట్టెయ్యలేదు, పక్కన ఎక్కడో ఉంచింది, వునిమోలి వంటిల్లంతా నా చెవిలోకి వచ్చింది. పొయ్యి మీంచి బరువైనది దించిన చప్పుడు. పెరట్లో నేల మీద వేడి చారు పడిన చప్పుడు. కుక్క మొరిగింది. షీలా గొంతు, నిద్రలోంచి లేచి వచ్చినట్టుంది, "ఫేంక్ దియా, మా? హమ్మే బహుత్ భూక్ లగే," అంది, పారేశావా అమ్మా, నాకు చాలా ఆకలేస్తోంది అని, ఏమీ తెలియని గొంతుతో. ఇంతసేపూ ఏడ్చిన మా అమ్మ, ఇన్నేళ్ళుగా తెలుగు మర్చిపోతున్న మా అమ్మ, అచ్చం అవ్వలాగా కేకేసింది.

"కూసో తల్లీ. ఒరే ముకేష్, వసితి కాడికి ఉరుకు. చేప తే."

నేను ఫోను చెవికి అదుముకుని, ఆ ఇంట్లో మళ్ళీ పొయ్యి రాజేస్తున్న చప్పుడు వింటూ, కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాను.